ఉప్పు తినని పిల్ల

"దొంగ మొహం! మళ్ళీ ఏరుకుంటోంది చూడు!"

నైనిక కిటికీ కర్టెన్ పక్కకి లాగి పళ్ళు కొరికింది.

కింద, మూడు రోడ్లు కలిసే చోట జోస్లిన్ మోకాళ్ళ మీద కూచుని ఉప్పుకళ్ళు, ఎండుమిరపకాయలు కొబ్బరిచిప్పలోకి ఏరుతోంది.

అవి నిన్న సాయంత్రం నైనిక తన తమ్ముడు ఆరవ్‌కి దిష్టి తీసి పారేసినవి.

అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఆ అపార్ట్‌మెంట్లలో నైనికని ఎరగని తెలుగువాళ్ళు లేరు. పదిహేడేళ్ళ పిల్ల. అమ్మమ్మ నుంచి వచ్చిన చెయ్యి. పిడికిలి బిగించి ముమ్మారు తిప్పిందంటే, నిప్పు తగలకుండానే ఉప్పు చిటపటలాడేది. పసిపిల్లల ఏడుపులు, పెద్దవాళ్ళ తలనొప్పులు అక్కడికక్కడే ఆగిపోయేవి.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేవాళ్ళు. అదంతా తన గొప్పే అనుకునేది నైనిక.

వేసవి సెలవుల్లో తన ఈడుదే, ఈ జోస్లిన్ అక్కడికి దిగింది, ట్రినిడాడ్ నుంచి. అంతే, ఆంటీలు రావడం మానేశారు.

"ఏంటి ఆంటీ, ఈ మధ్య కనిపించట్లేదు?" అని సుమతి ఆంటీని ఆపి మరీ అడిగింది.

"అవసరం పడట్లేదమ్మా. బుజ్జిది హాయిగా నిద్రపోతోంది."

అవసరం పడకపోవడమేంటి, నా మొహం! ఆ పిల్ల దగ్గరికే పోతున్నారు అందరూ!

సరే, పోతే పోయారు. కానీ ఇప్పుడు ఆరవ్ జోలికి వచ్చింది.

ఎనిమిదేళ్ళ ఆరవ్‌ని డాక్టర్లకి అంతుపట్టని జ్వరం ఆర్నెల్లుగా పీడిస్తోంది. ఈ మధ్యే లేచి కూర్చుంటున్నాడు. "అంతా నీ చేతి చలవే తల్లీ" అని అమ్మ విజయశ్రీ కళ్ళు ఒత్తుకుంది. అలా ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న వాడి దిష్టి ఏరుకుపోతోందంటే, చేతబడి కాక ఇంకేంటి?

నైనిక చెప్పులైనా వేసుకోకుండా కిందకి పరిగెత్తింది.

"అవి నీకెందుకే?"

జోస్లిన్ ఉలిక్కిపడింది. "ఇక్కడ వదిలేస్తే ఇవి..."

"నోర్ముయ్! మా తమ్ముడికేమైనా అయిందో, నిన్ను బతకనివ్వను."

"నైనికా, ఒక్కసారి నా మాట..."

వింటేగా! పదిహేడేళ్ళ కోపానికి చెవులెక్కడుంటాయి?

ఆ మధ్యాహ్నం స్కూల్లో లంచ్ దగ్గర ఫ్రెండ్ అంకిత తెలియకుండానే దారి చూపించింది.

"ఆ జోస్లిన్ ఉప్పు ముట్టదు తెలుసా? వాళ్ళింట్లో ఆడవాళ్ళెవరూ తినరట. తింటే ఒళ్ళు బరువెక్కి ఎగరలేరట! వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. ఎంత ఫన్నీ కదా?"

నైనిక నవ్వలేదు. ఇంటికెళ్ళి రవ్వలడ్డూలు చేసింది. ఒక్కదాన్లో మాత్రం పంచదారకి బదులు ఉప్పు పోసి, పైన నెయ్యీ పంచదారా దట్టంగా పట్టించింది. చేస్తున్నంతసేపూ కసిగా నవ్వుకుంటూనే ఉంది.

మర్నాడు స్కూల్ గ్రౌండ్‌లో ఆ ఒక్క లడ్డూనీ ముందుకి జరిపి జోస్లిన్‌కి బాక్స్ చాపింది.

"నిన్న అరిచాను, సారీ. తీసుకో. మా తమ్ముడు లేచి నాలుగడుగులు వేశాడు."

"నడిచాడా? నిజంగా?"

జోస్లిన్ మొహం వెలిగిపోయింది. ఆ సంబరంలో లడ్డూ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుని మింగేసింది. ఆ తర్వాత గొంతు పట్టుకుంది.

"ఉప్పు వేశావా?"

"వేశాను. ఎగురు ఇప్పుడు, చూద్దాం!"

గడ్డి మీద ఆనీ ఆననట్టుండే ఆ పిల్ల పాదాలు చీలమండల దాకా నేలలోకి దిగిపోయాయి. మోకాళ్ళ మీద కూలబడింది.

తిట్టలేదు. శాపం పెట్టలేదు.

"ఇవాళ్టిది ఎవరు తీస్తారు నైనికా?" అని మాత్రం అంది.

"నీకెందుకు ఆ గొడవ? నేనున్నాగా!"

అబ్బ, ఎంత హాయి! నైనిక కసి తీరింది. ఇంటికొచ్చి కూనిరాగం తీస్తూ తమ్ముడికి దిష్టి తీసింది, ఎప్పటిలాగే తీసుకెళ్ళి మూడు రోడ్ల దగ్గర పారేసింది.

తెల్లారేసరికి ఉప్పూ మిరపకాయలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని ఏరే మనిషి లేదు.

ముందు సుమతి ఆంటీ ఫోన్ వచ్చింది. "బుజ్జిది మళ్ళీ గుక్కపట్టిందమ్మా, ఒక్కసారి రావూ?"

నైనిక ఉబ్బిపోయింది. చూశావా, దారికొచ్చారు!

ఆ తర్వాత పక్కింటివాళ్ళు, ఆ పక్కవాళ్ళు. ఇల్లిల్లూ తిరిగింది. తీస్తే తగ్గేది, గుమ్మం దాటేలోపు తిరిగొచ్చేది. ఆమె మొహంలో నవ్వు మాయమైంది.

"నైనికా! తమ్ముణ్ణి చూడవే!" అమ్మ కేక.

ఆరవ్ ఒళ్ళు కాలిపోతోంది. నైనిక గుప్పెళ్ళకొద్దీ ఉప్పు తిప్పింది. అది చిటపటలాడుతూనే ఉంది, జ్వరం పెరుగుతూనే ఉంది.

"అమ్మా, ఆ జోస్లిన్ వాళ్ళ ఫ్లాట్ ఎక్కడ?" నైనిక అడిగింది.

"ఇందాకే కార్‌లో వెళ్ళిపోయారే. ఆ పిల్లకి కాళ్ళు పడిపోయాయట, పాపం. ఇక తిరిగి రారట."

నైనిక మంచం పక్కన చతికిలబడి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. వాడు కష్టంగా కళ్ళు తెరిచి కిటికీ వైపు చూశాడు.

"అక్కా, రోజూ పొద్దున్నే కిటికీ బయటికి ఎగిరొచ్చి, 'నీ జ్వరాన్ని సముద్రంలో పారేసొస్తా' అని టాటా చెప్పే ఇంకో అక్క ఇవాళ రాలేదేం?"