తోక మీద నల్లగీత

“ఎలుకల తోకలకి ఏం పూశావు?”

గాయత్రి అరుపుకి బసవయ్య చేతిలో చీపురు ఆగిపోయింది.

బందరులో అదొక చిన్న ల్యాబు. బద్దెపురుగుకి కొత్త మందును నలభై ఎలుకల మీద పరీక్షిస్తోంది గాయత్రి. మందు పట్టించినవాటి తోకకు నీలం పెన్నుతో ఒక గీత, పట్టించనివాటికి రెండు. పెట్టెలు కడిగి మేత వేసే పని బసవయ్యది.

ఇవాళ చూస్తే నీలం గీతల మీద నల్ల గీతలు!

“మీ పెన్ను గీతలు నాకేస్తన్నాయమ్మా. రెండ్రోజులకే మాసిపోతన్నాయి. మా పెడన నలుపైతే పోదని…”

“పెడన నలుపేంటి?”

“తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టి చేస్తామమ్మా. ఇరవయ్యేళ్ళు కలంకారీ అచ్చులేశాను. మీ గీతల మీదే వేశా. అన్నిటికీ ఒకటే రంగు.”

“ఇది పరిశోధనయ్యా! చీరనుకున్నావా? రేపట్నించి రావద్దు.”

బసవయ్య చీపురు మూలన పెట్టాడు. వెళ్తూ వెళ్తూ గోడ మీది స్కాన్ ఫొటోను తువ్వాలుతో తుడిచాడు. రోజూ తుడుస్తాడు. బద్దెపురుగు పిల్లలు మెదడుకెక్కి మూర్ఛలొచ్చిన తొమ్మిదేళ్ళ పాప తల అది. మెదడంతా తెల్లచుక్కలు. ఆసుపత్రివాళ్ళు పేరు చెరిపేసి ఇచ్చారు. ఏ సెమినార్లోనైనా గాయత్రి ముందు చూపించేది దాన్నే.

“దాన్ని ముట్టుకోకు!”

“ఒక్క మాటమ్మా. ఈ మందు పనిచేస్తుందా?”

“నీకెందుకు?”

అతను వెళ్ళాక తోకల్ని సబ్బుతో తోమి చూసింది గాయత్రి. గీతలు పోలేదు. ఇంకా తిట్టుకుంది.

వారం తిరక్కుండానే, కొత్తగా కుదిరిన పనామె పెట్టెలు కడుగుతూ నలభై ఎలుకల్నీ ఒకే తొట్టిలో వేసేసింది.

గాయత్రి తొట్టి దగ్గరికి పరిగెత్తింది. మూడు నెలల కష్టం! దేనికి మందు పట్టించిందో, దేనికి పట్టించలేదో ఎవరు చెప్పాలి?

ఒక్కో తోకా పట్టుకుని చూసింది. నీలం ఎక్కడా లేదు. నల్ల గీతలు మాత్రం నిన్న వేసినట్టున్నాయి.

నెలాఖరుకి ఫలితం తేలింది. మందు పనిచేసింది. అందరూ అభినందిస్తుంటే గాయత్రికి తల కొట్టేసినట్టయింది. పెడన బస్సెక్కి, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ బసవయ్య ఇల్లు పట్టుకుంది.

“బసవయ్య గారున్నారా అండీ?”

ఆ ‘గారు’ ఆమె నోట రావడం అదే మొదలు.

“పొద్దున్నే ల్యాబుకెళ్ళారండీ,” అంది ఆయన భార్య అన్నపూర్ణ. “కూర్చోండి.”

పని పోయిందని ఇంట్లో చెప్పనేలేదన్నమాట. గాయత్రి తలొంచుకుని కూర్చుంది.

“మందు పనిచేసిందని చెబుదామని…” అంటూ తలెత్తి, ఆగిపోయింది.

గోడ మీద దండ వేసిన ఆడపిల్ల ఫొటో. పక్కనే స్కాన్ ఫిల్మ్. అవే తెల్లచుక్కలు.

“మా పాపండీ,” అంది అన్నపూర్ణ. “ఈ స్కానే ఇంకోటి తీసి, ఈ జబ్బుకి మందు కనిపెట్టే ఎలకల ల్యాబుకి ఇచ్చామని ఆసుపత్రిలో చెబితే, ఆ మందు సంగతేమవుతుందో రోజూ చూసుకోవచ్చని అచ్చుల పని మానేసి మరీ అక్కడ కుదిరారండీ ఆయన.”