తుపాకి దొంగ

మట్టి తవ్వుతున్న ప్రొక్లెయిన్‌కి అడ్డంగా వచ్చి నిలబడ్డాడో ముసలాయన.

డ్రైవరు మిషను ఆపేశాడు. గట్టు మీదున్న కాంతారావు విసురుగా దిగొచ్చాడు. తొంభై ఏడులో బంటుమిల్లి చుట్టుపక్కల అందరిలాగే తనూ పొలాన్ని చేపల చెరువు చేయిస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? చావాలనుందా?"

"ఆ ఈశాన్యం మూల ఒక్కటీ తవ్వించకండి బాబుగారూ."

"ఏం? అక్కడేమన్నా పాతిపెట్టావా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"నా పేరు అప్పయ్యండి. మీ నాన్నగారి దగ్గర పాలేరుగా చేశానండి."

ఆ పేరు వినగానే కాంతారావుకి ఒళ్లు మండింది.

నాన్న డాక్టర్ నరసింహారావు మిలటరీలో చేరి, బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చారు. ఆ ఏడాదే ఆయన రివాల్వర్ కాజేసి దివిసీమకి పారిపోయిన పాలేరు వీడు. నాన్న బతికున్నన్నాళ్లూ ఆ ఊసెత్తితే చాలు, లేచి అవతలికి వెళ్లిపోయేవారు.

"తుపాకి దొంగవి నువ్వేనా! ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?"

మెడ పట్టుకుని గెంటాడు. ముసలాయన పక్కనున్న బోదె కాలువలో బోర్లా పడ్డాడు. కూలీలు నవ్వారు.

అప్పయ్య లేచి, మొహానికంటిన బురద తువ్వాలుతో తుడుచుకుని రోడ్డెక్కాడు.

సాయంత్రానికి ఆ మూలే ఒక ఊరగాయ జాడీ బయటపడింది. మూతి చుట్టూ మైనం పోసి ఉంది. లోపల నూనెగుడ్డలో చుట్టిన రివాల్వర్!

కాంతారావు దాన్ని పోలీసులకి అప్పగించాడు. మర్నాడు ఎస్సై బందరు నుంచి రిటైర్డ్ కెప్టెన్ సిరాజుద్దీన్ గారిని స్టేషన్‌కి పిలిపించాడు. పాత ఆయుధాల సంగతి ఆయనకి బాగా తెలుసు.

"వెబ్లీ. ఇంగ్లీషువాళ్లు మిలటరీ ఆఫీసర్లకిచ్చేది. పిడి కింద రింగు చూశారా? తాడు కట్టి మెళ్లో వేసుకోవడానికి."

"ఎప్పటిదండీ?" కాంతారావు అడిగాడు.

"పందొమ్మిది వందల పదిహేడని కొట్టి ఉంది. మొదటి యుద్ధం నాటి తయారీ. పక్కన ఈ చిన్న ముద్ర మాత్రం మన దేశంలో మళ్లీ పరీక్ష చేసినప్పటిది. నలభై రెండు. అంటే రెండో యుద్ధానికీ వెళ్లొచ్చింది."

"అయితే మా నాన్నదే. కేసు రాసుకోండి ఎస్సై గారూ."

కెప్టెన్ గారు రివాల్వర్‌ని మెల్లగా వంచి తెరిచారు.

"పాతినవాడికి తుపాకి వాడటం తెలీదండీ. తూటాలు తియ్యకుండానే పాతేశాడు."

ఒక తూటాని వెలుతురుకి పట్టి చూశారు.

"దీని అడుగున నొక్కు పడింది. ఎవరో ట్రిగ్గర్ నొక్కారు. పేలలేదు."

కాంతారావు కుర్చీలోంచి లేచిపోయాడు.

"దొంగతనమే అనుకున్నాం. మా నాన్నని చంపబోయాడన్నమాట!"

జీపు దివిసీమ వెళ్లింది. ఖాళీగా తిరిగొచ్చింది.

"అప్పయ్య పోయాడండి" అన్నాడు కానిస్టేబులు. "నిన్న ఎక్కడో పడ్డాట్ట. ఒళ్లంతా బురదతో ఇంటికొచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదట."

కాంతారావు ఎవరి మొహమూ చూడలేకపోయాడు. తన తప్పేమీ లేదని తనకి తనే సర్దిచెప్పుకుంటూ ఇల్లు చేరాడు.

"అమ్మా, నాన్నని కాల్చబోయిన ఆ తుపాకి దొంగ చచ్చాడట. నిన్న నేనే మెడ పట్టి గెంటాను."

సత్యవతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు గెంటింది ఒక్కసారేరా. నేను ఇన్నేళ్లూ గెంటుతూనే ఉన్నాను."

"అదేంటమ్మా?"

"డాక్టరు గారికి పిచ్చి అని లోకం అనుకోకూడదు, నేను దొంగనని చెప్పెయ్యండమ్మగారూ అన్నాడు అప్పయ్య. సిగ్గులేకుండా అలాగే చెప్పాను."

"నాన్నకి పిచ్చేంటమ్మా?"

"బర్మాలో చూసినవి మర్చిపోలేక మీ నాన్న దాన్ని తన కణతకే పెట్టుకుని నొక్కారురా. రెండోసారి నొక్కబోతుంటే చేతిలోంచి లాక్కుని పరిగెత్తినవాడు అప్పయ్య. అప్పటికింకా నువ్వు నా కడుపున పడలేదు."