ఇగో వస్తున్న

"అన్నం చల్లారుతుంది, నరేశ్ బాపూ" అని బుచ్చమ్మ మూడోసారి పిలిచింది.

డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో విస్తరాకు వేసి అన్నం, కూర, గారెలు వడ్డించి చాలాసేపయింది. మంగళవారమైనా, కనకయ్యకు ఇష్టమని మటన్ వండింది. కింద రెండు గదుల ఇంట్లో ఉక్కపోత. డాబా మీద గాలికి కూర్చుని తినడమంటే అతనికి మొదటి నుంచీ ఇష్టం.

కనకయ్య రాలేదు.

పిలవగానే రావడం అతనికి ఏనాడూ లేదు. ఎప్పుడు పిలిచినా ఒకటే మాట, "ఇగో వస్తున్న". పంజాగుట్ట సందులో మిక్సీలు బాగుచేసే దుకాణం. అక్కడ గిరాకీలకూ అదే మాట. పెళ్లినాడు మైకు కీచుమంటుంటే, పీటల మీది నుంచి "ఇగో వస్తున్న" అని లేచి దాన్ని సరిచేయడానికి పోయాడు. పంతులు తాళి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా ఆ మాట చెవిన పడితే చాలు, బుచ్చమ్మకు ఒళ్లు మండుతుంది.

"రిలాక్స్ అమ్మా" అన్నాడు కొడుకు నరేశ్. ఎండ నెత్తి మీద చురుక్కుమంటోందని తువ్వాలు కప్పుకున్నాడు. బేగంపేట ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దుటి నుంచి తల్లి వెంటే తిరుగుతున్నాడు.

ఆ రిలాక్స్ అనే మాట కూడా ఆమెకు గిట్టదు. "నీ రిలాక్సు నీ ఆఫీసుల పెట్టుకో. మీ బాపు తింటెనే కింద అందరు తినేది. పొద్దటిసంది ఎవ్వలు మెతుకు ముట్టలే."

యూసుఫ్‌గూడ నుంచి వచ్చిన మరిది రాజనర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేను ముందుగాలనే చెప్పిన" అన్నాడు. ఏం జరిగినా అతను అనేది అదే. ఈసారి ముందుగా చెప్పిందల్లా, అన్నకు మటన్ ఒక్కటే సరిపోదని. జేబులోంచి చిన్న సీసా తీసి, గ్లాసులో పోసి, ఆకు పక్కన పెట్టాడు. ఇన్నేళ్లుగా ఇంట్లోకి మందు రానివ్వని బుచ్చమ్మ చూసి ఊరుకుంది.

పావురాలు రెండు ఆకు దగ్గరికి వస్తే నరేశ్ చప్పట్లు కొట్టి తోలాడు. ఎదురుగా అమీర్‌పేట స్టేషన్లోకి ఒక మెట్రో రైలు వచ్చి పోయింది. ఇంకోటీ వచ్చి పోయింది. కూర మీద నూనె గడ్డకట్టసాగింది.

మీదమీద నిలబడితే ఎట్లా వస్తాడు, మెట్ల దగ్గరికి జరగమన్నాడు రాజనర్సయ్య. ముగ్గురూ జరిగి తలుపు చాటున నిలబడ్డారు. అయినా రాలేదు.

"నీ మీదనే కోపమున్నట్టుంది వదినా. ఏమన్న అన్నవా?"

అవును, ఒక మాట అంది. వెనకటి శనివారం పొద్దున కంచంలో వడ్డించి పిలిస్తే, ఎవరిదో మిక్సీ ముందర వేసుకుని "ఇగో వస్తున్న" అన్నాడు కనకయ్య. మళ్లీ పిలిస్తే మళ్లీ అదే. నాలుగోసారికి ఆమె కంచం ఎత్తేసింది. ఇంకోసారి ఆ మాట అంటే నా చేతి బువ్వ లేదు పో, అని అరిచింది. అతను మిక్సీ సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని, దుకాణానికి పోయాడు. ఆ రోజు నుంచి ఆమె చేతి ముద్ద ముట్టలేదు.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని ఆ సంగతి ఇప్పుడు చెప్పింది. నరేశ్ రిలాక్స్ అనలేదు. రాజనర్సయ్య ముందుగాలనే చెప్పిన అనలేదు.

"అయితే పోయి మాటియ్యి" అన్నాడు మరిది మెల్లగా. "మనసుల ఉన్నదేందో ఒప్పుకుంటెనే వస్తడు."

బుచ్చమ్మ కొంగు నడుముకు దోపి ఎండలోకి నడిచింది. ఆకు ముందు నిలబడింది.

"మస్తు సతాయించినవ్, ఇగ చాలు" అంది. వంగి గ్లాసును ఆకుకు దగ్గరగా జరిపి, మళ్లీ అందుకుంది. "నూరుసార్లు అను, ఇగో వస్తున్న అని. నేనేమనను. కంచమెత్తను. నువ్వు వచ్చేదాంక కూసుంట. జర తిను."

వెనక్కి తిరిగి చూడకుండా మెట్ల దగ్గరికి వచ్చేసింది. నరేశ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆకువైపు చూపించాడు.

కాకి వచ్చి ముద్ద ముట్టింది.