కండలయ్యకు కండలు

"ముందు తలుపు గడియ వెయ్యి బావా. తర్వాత ఏడుద్దువు గాని," అన్నాడు బావమరిది.

బావ గడియ వేశాడు. ఏడుపు మాత్రం ఆపలేదు. గది నిండా ఎర్రెర్రని కండరాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి మధ్య కండలయ్య వెల్లకిలా పడి పైకప్పు కేసి చూస్తున్నాడు.

కండలయ్య మనిషి కాదు, మెడికల్ కాలేజీ వాళ్ళ నిలువెత్తు బొమ్మ. ఒంట్లో ఏ కండరం ఎక్కడుంటుందో పిల్లలకు చూపించడానికి చేయించారు. కండరాలన్నీ విడివిడిగా ఊడొస్తాయి, అయస్కాంతాలతో ఎక్కడ పెడితే అక్కడ అతుక్కుంటాయి. ల్యాబ్‌కి రంగులు వేస్తున్నారని, అక్కడ పాఠాలు చెప్పే బావగారి భార్య దాన్ని ఇంటికి తెచ్చుకుంది. రాత్రంతా తలుపేసుకుని దాంతోనే కూర్చుంది. పొద్దున్న ఎర్రబడ్డ కళ్ళతో కాలేజీకి వెళ్తూ, "రేపు పరీక్షలో దీన్ని పిల్లల ముందు పెట్టాలి. చెయ్యి తగిలిందో, మీరు సామాను సర్దుకుని మీ అక్కయ్య ఇంటికి వెళ్ళిపోండి," అని హెచ్చరించి మరీ వెళ్ళింది.

ఆ అక్కయ్యగారింట్లో తెల్లారకుండానే లేపి, చన్నీళ్ళ స్నానం చేయించి, ఆ పైన హితబోధ చేస్తారు. బావ ఏడుపు అందుకే.

"అసలెలా పడింది?"

"చెయ్యి చాపుకుని నిలబడ్డాడు కదా అని తడి తువ్వాలు ఆరేశాను."

"ఇంట్లో దండెం లేదా?"

"బాల్కనీలో ఉందిరా. వీడు దగ్గరగా ఉన్నాడు."

బావమరిది చొక్కా విప్పి అద్దం ముందు నిలబడ్డాడు. "బెంగపడకు. రోజూ జిమ్‌కి వెళ్ళేవాణ్ణి. మోచెయ్యి మడిచే కండరం ముందు, చాచేది వెనక. కండరానికి లాగడమే గాని తొయ్యడం రాదు బావా. అందుకే ఎక్కడ చూసినా జంటగా ఉంటాయి. నువ్వూ అక్కా లాగ, ఒకరు ఇటు లాగితే ఒకరు అటు."

కండలయ్యని లేపి నిలబెట్టి, తన ఒళ్ళు బిగించి చూసుకుంటూ భుజాలు, ఛాతీ, పొట్ట చకచకా అతికించేశాడు. నడుం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

"ఏమైందిరా?"

"కాళ్ళవి తెలియవు. కాళ్ళ వ్యాయామం ఉన్న రోజు నేను జిమ్ ఎగ్గొడతాను."

బావ అప్పుడు మొదటిసారి అతని కాళ్ళకేసి చూశాడు. ఆ ఛాతీ కింద అవి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. బావకు మళ్ళీ ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో పొద్దున్న కండలయ్య భుజం మీద చెయ్యేసి తీసుకున్న సెల్ఫీ గుర్తొచ్చింది.

ఇద్దరూ ఫోన్ మీద తలలు ఆనించారు.

"ఇందులో కుడికాలివి ఎడమ కాలికి ఉన్నాయేంట్రా?"

"సెల్ఫీ కదా బావా. కుడి ఎడమైపోతుంది."

"పిక్క తలకిందులుగా ఉంది."

"నువ్వు ఫోన్ ఎలా పట్టుకున్నావో ఏమో. దాన్ని నమ్మితే కొంప మునుగుతుంది. నీ కాళ్ళు చూసి పెట్టేద్దాం."

బావ లుంగీ ఎగ్గట్టాడు. తొడ మీద ఏటవాలుగా రావాల్సిన పొడుగాటి పట్టీ ముక్క ఎటు నుంచి ఎటు పోవాలో తేల్చడానికి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. బావమరిది తొడ నొక్కి చూసి నడుం పక్క నుంచి మోకాలి లోపలి వైపుకి దాన్ని అతికించాడు. ఇక మిగిలింది పిక్కలే. అది తేలాలని బావ మునివేళ్ళ మీద లేచాడో లేదో, కెవ్వుమన్నాడు.

"పట్టేసిందిరా. చచ్చాను."

"కదలకు బావా. నొప్పి ఎక్కడ మొదలైంది?"

"మోకాలి వెనక. ముందు నిమరరా."

"ఎక్కడిదాకా లాగుతోంది?"

"మడమదాకా. నిమరరా బాబూ, నీకు పుణ్యముంటుంది."

"అయితే లావు వైపు పైకి, సన్నం వైపు మడమకి," అంటూ అతను వెళ్ళి ముందు కండలయ్య పిక్కలు అతికించొచ్చాడు. బావ పిక్క సంగతి ఆ తర్వాత చూశాడు.

కాలింగ్ బెల్ మోగింది. బావ కుంటుతూ వెళ్ళి గడియ తీశాడు. ఆవిడ చెప్పులు విప్పి, చొక్కా లేని తమ్ముణ్ణీ, ఎగ్గట్టిన లుంగీనీ చూసి, తిన్నగా గదిలోకి నడిచింది. బావ కుంటుకుంటూ వెనకే వెళ్ళాడు.

ఆవిడ కండలయ్య చేతులు చూసింది. తొడలు చూసింది. వంగి పిక్కలు చూసింది. చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది. ముఖంలో రంగు పోయింది.

"ఎవరు ముట్టుకున్నారు?"

బావ ఆవిడ ముందు అబద్ధమాడలేడు. "తువ్వాలు... నేనే. కానీ ఎక్కడి కండ అక్కడే పెట్టాం. ఏమైనా తేడా ఉందా?"

ఆవిడ కుర్చీలో కూలబడింది. "లేదు. ఒక్క తప్పు కూడా లేదు."

బావకి ప్రాణం లేచొచ్చింది. బావమరిది ఛాతీ ఇంకాస్త పొంగింది. ఆవిడ తల పట్టుకుని నీరసంగా అడిగింది.

"పిల్లలు కనిపెట్టాలని రాత్రంతా కూర్చుని పెట్టిన తప్పులేవండీ?"