స్టేషన్‌కి వచ్చినాయన

కొత్త లెఫ్టినెంటు రైలు దిగాడో లేదో, పాత స్వెట్టరు తొడుక్కున్న నెరిసిన తలాయన ఇనప్పెట్టె అందుకోబోయాడు.

"జీపు బయటుంది, బాబూ."

లెఫ్టినెంటు లోలోపల నవ్వుకున్నాడు.

పదాతిదళంలో కొత్త ఆఫీసర్ని మొదటిరోజు పైవాళ్లు నౌకరు వేషం కట్టి ఆటపట్టిస్తారని బావ ముందే చెప్పాడు. బావ పాపం ఓ మేజరుచేత సామాన్లు మోయించి, రిటైరయ్యేదాకా 'సామాను' అనిపించుకున్నాడు.

తనకి అలాంటి పేరు పడకూడదు.

"మీకెందుకండీ శ్రమ, మేజరు గారూ! నేను మోస్తాగా."

"నేను మేజర్ని కాను బాబూ."

"అయితే కెప్టెన్. యూనిఫాం ఏదండీ మరి?"

"ఇస్త్రీకిచ్చాను. రేపు ఇంటికెళ్లిపోతున్నా. ఆఖరిసారి వేసుకోవాలి."

"అబ్బ! ఎంత తడుముకోకుండా చెప్పారండీ!"

ఆయన నవ్వి జీపు వైపు దారితీశాడు.

మెస్సులో టీ పోసినవాడి మీద మాత్రం లెఫ్టినెంటుకి అనుమానం రాలేదు.

"ఇది టీనా, కుడితా? ఇంకోటి పట్రా, ఫో!"

మెస్సంతా గొల్లుమంది. టీ పోసినవాడు తెల్లకోటు విప్పాడు. లోపల మేజరు యూనిఫాం.

"రండి, కుడితి గారూ! కూర్చోండి."

పేరు పడనే పడింది.

లెఫ్టినెంటు మొహం మాడిపోయింది. వేషం కట్టింది ఈయనైతే, స్టేషన్‌కి వచ్చినవాడు ఉత్త నౌకరేనన్నమాట! వాడిముందా తను పెట్టె మోసింది!

వరండాలో స్టేషన్‌కి వచ్చినాయన కనబడగానే 'గారూ', 'అండీ' ఎగిరిపోయాయి. మర్యాదంతా ఎదుటివాడి భుజమ్మీది నక్షత్రాలకే కదా.

"ఏయ్, నాచేత పెట్టె మోయిస్తావా? ఇవిగో బూట్లు. రేపు పరేడుకి అద్దంలా ఉండాలి."

ఆయన బూట్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొదటి పరేడు కదూ? ఉంటాయిలే బాబూ."

ఉన్నాయి కూడా. తెల్లవారాక లెఫ్టినెంటు దర్జాగా వరసలో నిలబడ్డాడు.

బ్యాండు మోగింది. మడత నలగని యూనిఫాంలో ఆయన మైదానంలోకి నడిచొచ్చాడు.

"ఎ... ఎవరండీ ఆయన?"

"కెప్టెన్ గారు," పక్కనున్న మేజరు పెదవి కదపకుండా అన్నాడు. "సిపాయిగా చేరాడు. మనందర్నీ స్టేషన్నించి తెచ్చింది ఆయనే. ఆ మనిషికి వేషాలు చేతకావు."

వరసలోంచి అడుగు కదపడానికి లేదు. నోరు విప్పడానికి లేదు. అవతల ఆయన్ని తీసుకెళ్లే జీపు సిద్ధంగా ఉంది.

ఆయన చెయ్యెత్తకముందే కర్నలు ఎదురెళ్లి తనే ముందు సెల్యూట్ కొట్టాడు. ఆ ఛాతీమీదున్న శౌర్యపతకాన్ని ప్రాణాలతో అందుకున్నవాడు ఇప్పుడు సైన్యం మొత్తమ్మీద ఆయనొక్కడే.