గడప దాటని మాలిని

"మాలిని గడప దాటలేదు. దాటిందని రాస్తే నేను సంతకం పెట్టను," అన్నారు దశరథరామయ్య మాస్టారు.

నందిగామలో ఆయన ఇంటి వరండాలో జీవరత్నం ఆరేళ్ల పరిశోధనను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె చందర్లపాడు హైస్కూల్లో తెలుగు టీచరు. సోమవారం సాయంత్రంలోగా గైడు సంతకంతో గ్రంథం యూనివర్సిటీకి చేరకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆ గైడు మాస్టారే.

తగువంతా వల్లూరి నృసింహకవి రాసిన 'మాలినీ ప్రత్యాగమనం' నాటకం గురించి. అనుమానంతో మొగుడు వెళ్లగొట్టిన మాలిని ఆఖరి అంకంలో తిరిగొస్తుంది. అతను క్షమించమంటాడు, ఆమె క్షమిస్తుంది, ఏడు పద్యాలు పాడుకుని ఇద్దరూ లోపలికి వెళతారు. 1952లో దాన్ని సినిమాగా తీశారు. సినిమాలో, మాస్టారు చెప్పే ప్రకారం, మాలిని గడప బయట నిలబడి ఒక్క చూపు చూస్తుంది, అంతటితో సరి.

"కవి ఏడు పద్యాల్లో చెప్పలేనిది దర్శకుడు ఒక్క మౌనంలో చెప్పాడు" అన్నది మాస్టారి సిద్ధాంతం. దాని మీద ఆయన మూడు పుస్తకాలు రాశారు. కవిగారికి ద్రోహం జరిగిందని తిడుతూ ఎదుటివాళ్లు ఐదు రాశారు. ఈ ఎనిమిది పుస్తకాలకూ ఆధారం మాస్టారి కళ్లే. సినిమా నాలుగు రోజులాడి మూలపడింది, ప్రింటు ఎక్కడా లేదు. పాటల పుస్తకం దొరుకుతుంది కానీ, అందులో కథ మాలిని గడప దగ్గరికి రాగానే ఆగిపోయి, మిగతాది వెండితెర మీద చూడమంటుంది.

"ప్రేమదాసు గారని, అప్పట్లో జగ్గయ్యపేట సినిమా హాల్లో ఆపరేటరండి. ఆఖర్లో మాలిని లోపలికొచ్చే పాట ఉందంటున్నారు," అంది జీవరత్నం.

"నాటకం, సినిమా ఆయన బుర్రలో కలిసిపోయుంటాయి. నేను నందిగామ హాల్లో కళ్లారా చూశా. జనం గోల చేస్తుంటే బెంచీ ఎక్కి ఆ మౌనానికి అర్థం చెప్పింది నేనేగా. చప్పట్లు కొట్టారు. నా మొదటి పాఠం అదే."

ఈ బెంచీ సంగతి మూడు పుస్తకాల ముందుమాటల్లోనూ ఉంది.

"ఒకసారి వెళ్లి కనుక్కోనాండి?"

"జగ్గయ్యపేట మాట నా దగ్గర ఎత్తొద్దు."

ఆ ఊరివాళ్లు సన్మానానికి నాలుగుసార్లు పిలిచినా ఆయన వెళ్లలేదు. పండితుల పంతాలు అలాగే ఉంటాయని అందరూ సర్దుకున్నారు.

ఆదివారం ప్రార్థన కాగానే జీవరత్నం జగ్గయ్యపేట బస్సెక్కింది. ప్రేమదాసు నులక మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"ఒకటే ప్రింటు, రెండూళ్లకి ఆడేదమ్మా. ఇక్కడ ఆడిన రీలు ఆడినట్టు డబ్బాలో పెట్టి బస్సులో నందిగామ పంపేవాళ్లం. అక్కడ ఆట ఆలస్యంగా మొదలెట్టేవాళ్లు. ఈ సినిమా మాకొచ్చిందే ఒక్క రాత్రి ఆటకి. ఆ రోజు ఆఖరి డబ్బా మా బస్టాండు బెంచీ మీదే ఉండిపోయింది. పట్టుకెళ్లే మనిషి దాన్నొదిలేసి బస్సెక్కాడు. టీకెళ్లి నేనే చూశా. తర్వాత బస్సు లేదు. పొద్దున్నే ప్రింటు బెజవాడ పోయింది."

"అయితే నందిగామలో ఆఖరి రీలు ఆడనే లేదా?"

"ఎక్కడాడిద్దమ్మా, డబ్బా నా దగ్గరుంటే?"

"ఆ మనిషెవరండీ?"

"పేరు గుర్తులేదు. మళ్లీ ఈ ఊళ్లో మొహం చూపించలేదు. జీతానిక్కూడా రాలా."

రీలు తెగినప్పుడు అతకగా మిగిలిన ముక్కలు దాచుకోవడం ప్రేమదాసుకు అలవాటు. బిస్కెట్ల డబ్బా వెతికి ఒక ముక్క తీసిచ్చాడు. జీవరత్నం వెలుతురులో పెట్టి చూసింది. మాలిని గడప లోపల ఉంది. మొగుడు చేతులు జోడించి ఉన్నాడు.

తిరుగు బస్సులో ఆమెకు ఏడుపొచ్చింది. ఊరుకుంటే డాక్టరేటు వస్తుంది, వెనకే జూనియర్ కాలేజీ ఉద్యోగమూ వస్తుంది. నిజం రాస్తే ఆరేళ్లూ బూడిదే. పైగా తనకు పద్యం చదవడం నేర్పిన మనిషి ముప్పై ఏళ్లుగా నమ్మిన మాట అబద్ధమని తానే చెప్పాలి. అయినా ఒక పేజీ రాసి గ్రంథంలో చేర్చింది.

సోమవారం మాస్టారు నందిగామ బస్టాండులో ఉన్నారు. విజయవాడ సెమినార్‌లో ఆయన మాట్లాడబోయేది మాలిని మౌనం గురించే. ఎనిమిదింటి బస్సుకు ఏడింటికే వచ్చి, మూడు సంచుల్లో ఒక్కటీ బెంచీ మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని, మాటిమాటికీ లెక్కపెట్టుకుంటున్నారు. ఆయన చాదస్తం కండక్టర్లందరికీ తెలుసు.

"మాలిని గడప దాటిందండి," అంటూ జీవరత్నం కొత్త పేజీ తీసి గ్రంథాన్నీ, ఫిల్ము ముక్కనూ ఇచ్చింది. "ఆఖరి డబ్బా జగ్గయ్యపేటలోనే ఉండిపోయిందట. ఇందులో మీ తప్పేం లేదండి. తెలిసే దారేది మీకు?"

మాస్టారు పేజీ చదివారు. ఫిల్ము ముక్కను ఎండకెత్తి చాలాసేపు చూశారు. గ్రంథం మొహాన కొడతారని ఆమె కాచుకుని ఉంది. ఆయన జేబులోంచి కలం తీసి సంతకం పెట్టారు.

"అంతా బాగుంది. 'డబ్బా తీసుకెళ్లాల్సిన వ్యక్తి వివరాలు తెలియవు' అని రాశావే, అది మాత్రం దిద్దుకో."

బస్సొచ్చింది. మాస్టారు సంచులు మూడూ మరోసారి లెక్కపెట్టుకుని ఎక్కి కూర్చున్నారు. జీవరత్నం కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"ఏమని దిద్దనండీ?"

"ఆ రోజు బస్సెక్కేసరికి నా చేతిలో నాటకం పుస్తకం ఒక్కటే ఉందమ్మా."