చిప్పలో నీళ్లు

పెరట్లో చుక్కల కోడిపెట్టకు పిల్లలంటే ప్రాణం. ఆ ఏడాది పొదిగిన గుడ్లన్నీ మురిగిపోయాయి. అందుకే గాలివానకు గోరింట చెట్టు మీంచి రాలిపడ్డ ఊసరవెల్లి పిల్లను తన గంప కిందికి తెచ్చుకుంది.

కోడిపిల్లను సాకినట్టే సాకింది. రెక్కల కింద పొదువుకుంది, పురుగులు ఏరి తెచ్చింది, కొబ్బరిచిప్ప నిండా నీళ్లు పెట్టింది. మూడోనాటికి పిల్ల ఒళ్లంతా నల్లబడి, కళ్లు లోపలికి పోయాయి.

"దాని బుద్ధే అంత. అప్పుడే రంగు మార్చేసింది చూశావా," అంది బాతు.

పెట్ట మనసు చివుక్కుమంది. "నేనేం తక్కువ చేశానే తల్లీ?" అని పిల్లనే అడిగింది.

"ఏం తక్కువ చెయ్యలేదమ్మా. చిప్పలో నీళ్లు తాగడం నాకు రాదు. ఆకు మీద బొట్టు జారితేనే తాగుతాను. రెక్కల కింద ఉక్కపోస్తోంది కూడా. నువ్వింత ప్రేమగా చూస్తుంటే చెప్పలేకపోయాను."

పెట్ట వెంటనే పిల్లను వీపున ఎక్కించుకుని గోరింట కొమ్మ మీద దించింది. చినుకు పడితే చూరు కిందికి పరిగెత్తే పెట్ట, చిప్పలో రెక్కలు ముంచుకొచ్చి ఆ కొమ్మ మీద విదిలించింది. ఆకుల మీద బొట్లు మెరిశాయి. పిల్ల నాలుక చాచింది. మధ్యాహ్నానికి మళ్లీ పచ్చబడింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పెట్టకు ఇదే పని. తడిసి వణుకుతున్న దాన్ని చూసి బాతు నవ్వింది.

"నీకు నీళ్లంటే గిట్టదుగా?"

"గిట్టదు," అంది పెట్ట. "కానీ దాహం నాది కాదుగా."